ఎస్‌ఎస్‌డీ మార్చిన తరువాత సిస్టమ్ బూట్ కావడం లేదు: విండోస్ మళ్లీ వేయకుండా దారి ఉందా?

ఏడురోడ్లు డీటీపీ (కడప):

అందరికీ నమస్కారం. కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు మా ప్రధానమైన పని. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు ఫాంట్లతో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉన్న ఒక పాత డెస్క్‌టాప్ మీదనే ఇదంతా సాగుతుంది. అది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్న సిస్టమ్. మొదట విండోస్ 7 ఉండేది. తరువాత దాని మీదనే విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేసుకున్నాము. బొమ్మలు ఎక్కువగా ఉన్న ఫైలు తెరవాలంటే చాలా సేపు పడుతుండడంతో, హార్డ్ డిస్కు స్థానంలో 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగమైన డిస్కు) పెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, డిస్క్ మేనేజ్‌మెంట్ అడిగినప్పుడు ఓకే నొక్కి ఇనిషియలైజ్ చేసి (వాడకానికి సిద్ధం చేసి), ఒక ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో (డిస్కుకు నకలు తీసేది) సీ, డీ డ్రైవులు రెండింటినీ దానిలోకి కాపీ చేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఆ తరువాత పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ బిగిస్తే, నల్లటి తెర మీద "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అన్న వాక్యం వచ్చి అక్కడే ఆగిపోతోంది. బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్‌లో) మాత్రం ఎస్‌ఎస్‌డీ పేరు, పరిమాణం సరిగ్గానే కనిపిస్తున్నాయి. పాత డిస్కు తిరిగి తగిలిస్తే విండోస్ మామూలుగా తెరుచుకుంటోంది. రెండింటినీ కలిపి తగిలించినా తెరుచుకుంటోంది కానీ, వేగంలో ఏ తేడా లేదు. ఇంకొక చిన్న సంగతి: ఈ మధ్య ఉదయం ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏదో పాత తేదీ చూపిస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

మాఘమాసపు ముహూర్తాలు దగ్గర పడుతున్నందువల్ల సిస్టమ్‌ను ఎక్కువ కాలం ఆపుకోలేను. తెలిసినవారు దారి చూపగలరు.

ప్రొద్దుటూరు తమ్ముడు:

అన్నగారూ, ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10 కొత్తగా వేసుకుని, పాత డిస్కులోని ఫైళ్లను కాపీ చేసుకుంటే సరిపోతుంది. క్లోన్ చేసిన విండోస్‌లో పాత చెత్త కూడా వెంట వస్తుంది. కొత్తగా వేసుకుంటే సిస్టమ్ తేలికగా ఉంటుంది. మా ఇంట్లో అలాగే చేశాము, ఇప్పటివరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఏడురోడ్లు డీటీపీ (కడప):

తమ్ముడూ, మీరు చెప్పినది ఇంటి సిస్టమ్‌కు బాగానే ఉంటుంది. నా దగ్గర అను స్క్రిప్ట్ మేనేజర్ సీడీ ఇప్పుడు లేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కనుక, అవి సరిగ్గా లేని సిస్టమ్‌లో పాత పీఎమ్‌డీ (పేజ్‌మేకర్) ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. ఏళ్ల నాటి ఖాతాదారుల శుభలేఖల నమూనాలు, ప్రింటర్ కొలతలు, కీబోర్డు అమరిక అన్నీ ఈ విండోస్‌తో ముడిపడి ఉన్నాయి. అందుకే ఉన్నది ఉన్నట్టుగా కొత్త డిస్కులోకి రావాలని నా కోరిక.

గడియార స్తంభం (అనంతపురం):

కొత్తగా విండోస్ వేయడం ఈ సందర్భంలో ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అవుతుంది. మీ విండోస్ చెడిపోలేదు. దానిని లేపవలసిన ఫైళ్లు ఎస్‌ఎస్‌డీలోకి రాలేదని నా అనుమానం.

విండోస్ 7ను ఖాళీ డిస్కు మీద వేసినప్పుడు అది సీ డ్రైవుకు ముందు 100 ఎంబీల చిన్న పార్టిషన్ (డిస్కులో ఒక విభాగం) ఒకటి తయారు చేసుకుంటుంది. దాని పేరు సిస్టమ్ రిజర్వ్‌డ్. దానికి డ్రైవు అక్షరం ఉండదు కనుక మై కంప్యూటర్‌లో కనిపించదు. బూట్ మేనేజర్, ఏ విండోస్‌ను ఎక్కడి నుంచి లేపాలో రాసి ఉన్న బీసీడీ ఫైలు, రెండూ అందులోనే ఉంటాయి. మీరు సీ, డీ మాత్రమే కాపీ చేశామని రాశారు కాబట్టి, ఆ పార్టిషన్ పాత డిస్కులోనే మిగిలిపోయి ఉండాలి. రెండు డిస్కులూ కలిపి పెట్టినప్పుడు మీరు చూస్తున్నది కూడా పాత డిస్కులోని విండోసే అయి ఉంటుంది. వేగం పెరగకపోవడానికి కారణం అదే.

రెండూ తగిలించి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి రెండు సంగతులు చూసి చెప్పండి. మొదటిది, "సిస్టమ్" అనీ "బూట్" అనీ ఏ పార్టిషన్ల మీద రాసి ఉంది? ఇక్కడ మైక్రోసాఫ్ట్ వాడుక తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోవాలి: బూట్ ఫైళ్లు ఉన్న పార్టిషన్‌ను సిస్టమ్ అనీ, విండోస్ ఉన్నదానిని బూట్ అనీ చూపిస్తుంది. రెండవది, ఎడమవైపు డిస్కు సంఖ్య మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ అన్న చోట పార్టిషన్ స్టైల్ (విభాగాల పట్టిక రాసే పద్ధతి) పాతదైన ఎంబీఆరా, కొత్తదైన జీపీటీయా అన్నది రెండు డిస్కులకూ విడివిడిగా చూడండి.

ఏడురోడ్లు డీటీపీ (కడప):

చూశాను. సిస్టమ్ అన్న మాట పాత డిస్కులోని 100 ఎంబీ పార్టిషన్ మీద, బూట్ అన్న మాట పాత డిస్కులోని సీ మీద ఉన్నాయి. పాత డిస్కు ఎంబీఆర్, ఎస్‌ఎస్‌డీ జీపీటీ అని చూపిస్తున్నాయి. ఇనిషియలైజ్ చేసేటప్పుడు జీపీటీ ముందే ఎంపికై ఉన్నట్టు గుర్తు.

గడియార స్తంభం (అనంతపురం):

అయితే ఇక్కడ రెండు అడ్డంకులు ఉన్నాయి. బూట్ ఫైళ్లు రాలేదన్నది ఒకటి. పాత పద్ధతి బయోస్‌లో, అంటే లెగసీ మోడ్‌లో, జీపీటీ డిస్కు నుంచి విండోస్ లేవదన్నది రెండవది. నాలుగో తరం బోర్డులకు యూఈఎఫ్ఐ (పాత బయోస్‌కు బదులు వచ్చిన కొత్త పద్ధతి) సామర్థ్యం సాధారణంగా ఉంటుంది కనుక, రెండింటినీ ఒకేసారి తీర్చవచ్చు. ఎస్‌ఎస్‌డీలోని సీ డ్రైవును 200 ఎంబీ తగ్గించి, విండోస్ పెన్ డ్రైవ్‌తో లేపి, కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్‌తో ఆ ఖాళీలో ఈఎఫ్ఐ పార్టిషన్ (యూఈఎఫ్ఐ బూట్ ఫైళ్లను వెదికే చోటు) సృష్టించి, దానిని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, బీసీడీబూట్ ఆదేశంతో బూట్ ఫైళ్లను అందులో పెట్టించి, బయోస్‌లో బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐకి మార్చితే సరిపోతుంది. మళ్లీ క్లోన్ చేయనక్కరలేదు.

బురుజు నీడ (కర్నూలు):

గడియార స్తంభం గారు రోగాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. అయితే ఆ మందు ఇవ్వడానికి ముందు ఒక ప్రశ్నకు సమాధానం కావాలి. డీటీపీ వారూ, మీది 32 బిట్ విండోసా, 64 బిట్ విండోసా? 4 జీబీ ర్యామ్, విండోస్ 7 నుంచి అప్‌గ్రేడ్, పేజ్‌మేకర్ అనగానే నాకు ఈ అనుమానం వచ్చింది. పేజ్‌మేకర్ 7 వచ్చినది 2001లో. డీటీపీ దుకాణాల్లో అది పేచీ పెట్టకుండా నడవాలని చాలామంది 32 బిట్ విండోస్ వేయించుకునేవారు. 32 బిట్ నుంచి అప్‌గ్రేడ్ చేస్తే విండోస్ 10 కూడా 32 బిట్‌గానే వస్తుంది. ఆ తరం డెస్క్‌టాప్ బోర్డులలో యూఈఎఫ్ఐ 64 బిట్‌ది కనుక, అది 64 బిట్ విండోస్‌ను మాత్రమే లేపుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ అన్న చోట సిస్టమ్ టైప్ చూడండి.

ఏడురోడ్లు డీటీపీ (కడప):

32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, 64 బిట్ ఆధారిత ప్రాసెసర్ అని ఉంది సార్.

గడియార స్తంభం (అనంతపురం):

అలాగైతే యూఈఎఫ్ఐ దారి మూసుకుపోయినట్టే. ఎస్‌ఎస్‌డీ ఎంబీఆర్‌గానే ఉండాలి. బురుజు నీడ గారు కొనసాగించగలరు.

బురుజు నీడ (కర్నూలు):

జీపీటీని డేటా పోకుండా ఎంబీఆర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, మీకు వాటితో పని లేదు. పాత డిస్కు చెక్కుచెదరకుండా ఉంది. ఎస్‌ఎస్‌డీలో ఉన్నది నకలు మాత్రమే. కాబట్టి ఎస్‌ఎస్‌డీని పూర్తిగా తుడిచి, ఈసారి డ్రైవులను విడివిడిగా కాకుండా, డిస్కు మొత్తాన్ని ఒకటిగా క్లోన్ చేయడమే అన్నిటికంటే సులువైన మార్గం. అప్పుడు ఎంబీఆర్ సెక్టారు, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్, దాని మీది యాక్టివ్ గుర్తు అన్నీ వాటంతట అవే వస్తాయి.

ఈ మూడూ ఎందుకు కావాలో తెలుసుకుంటే, పని మధ్యలో ఏదైనా తేడా వచ్చినా ఎక్కడ వెదకాలో తెలుస్తుంది. లెగసీ బయోస్‌కు విండోస్ అంటే ఏమిటో తెలియదు. అది డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, చదివి అందులోని కోడ్‌కు పని అప్పగిస్తుంది. ఆ 512లో 446 బైట్లు కోడ్, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టిక, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్ర. ఆ కోడ్ పట్టికలో యాక్టివ్ అని గుర్తు ఉన్న పార్టిషన్‌ను వెదికి, దాని మొదటి సెక్టారును లేపుతుంది. అది బూట్ మేనేజర్‌ను, బూట్ మేనేజర్ బీసీడీని చదివి విండోస్‌ను లేపుతాయి. మీ ఎస్‌ఎస్‌డీలో యాక్టివ్ పార్టిషన్ లేదు కనుక గొలుసు రెండవ కొక్కెం దగ్గరే తెగిపోయి, బయోస్ సరైన బూట్ డివైస్ చూపమని అడుగుతోంది. ఆ క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టనవసరం లేదు. సీ, డీ కావాలని అడిగితే అవే ఇచ్చింది.

ఇక పని మొదలుపెట్టే ముందు, డీ డ్రైవులోని పీఎమ్‌డీ ఫైళ్లను, బొమ్మలను, ఫాంట్ల ఫోల్డరును వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఇది ఎవరూ ఇష్టపడని సలహా అని తెలుసు, అయినా ఇది కాకుండా ముందుకు పోవద్దు. అలాగే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. రీలొకేటెడ్ సెక్టార్లు (చెడినందున వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైనవి) అన్న చోట సున్నాలు ఉంటే నిశ్చింతగా సాగవచ్చు. పెండింగ్‌లో పెద్ద సంఖ్య కనిపిస్తే ఆగి ఇక్కడ రాయండి, ఎందుకంటే చదవలేని సెక్టార్లు ఉన్న డిస్కును క్లోన్ చేసే పద్ధతి వేరు.

తేదీ సంగతి మీరు పైపైన రాశారు కానీ, అది ముఖ్యమైనదే. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. కరెంటు తీసిన ప్రతిసారీ బయోస్ అమరికలు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతున్నాయి. ఇప్పటి మీ సమస్యకు అది కారణం కాదు. కారణమైతే పాత డిస్కు కూడా లేవకూడదు. కానీ ఎవరైనా బయోస్‌లో ఏదైనా మార్చి ఉంటే అది రేపు నిలబడదు, సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈ నుంచి కొత్తదైన ఏహెచ్‌సీఐకి గానీ అటునుంచి ఇటు గానీ మారిపోతే నీలి తెర మీద "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" చూడవలసి వస్తుంది. పాత డిస్కు సవ్యంగా లేస్తున్నప్పుడే బయోస్‌లోని సాటా మోడ్, బూట్ మోడ్ తెరలను ఫోనుతో ఫొటో తీసుకుని, పవర్ కేబుల్ పీకి, కొత్త సెల్ వేసి, ఫొటోలో ఉన్నట్టే మళ్లీ అమర్చండి. చవకైన సెల్, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

తరువాతిది పరిమాణం. 500 జీబీ డిస్కును విండోస్ 465 జీబీగా, 480 జీబీ ఎస్‌ఎస్‌డీని 447 జీబీగా చూపిస్తుంది. పెద్దదానిని చిన్నదానిలోకి దించాలి కాబట్టి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ డ్రైవు మీద ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుని 25 జీబీ తగ్గించండి. అప్పుడు చివరి పార్టిషన్ 440 జీబీ దగ్గర ముగుస్తుంది. ఆ తగ్గించిన ఖాళీ డిస్కు చివరనే ఉండాలి.

ఆ తరువాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో హైబర్నేషన్‌ను ఆపివేయండి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ ఆ పార్టిషన్‌ను ముట్టుకోవడానికి నిరాకరించవచ్చు. ఎస్‌ఎస్‌డీని తుడవడానికి డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ అని చూసి, పరిమాణం 447గా ఉన్నదానిని సెలెక్ట్ చేసి, క్లీన్ అనండి. జీపీటీ తన పట్టిక నకలును డిస్కు చివర కూడా దాచుకుంటుంది. క్లీన్ ఆదేశం రెండు చివరలనూ తుడుస్తుంది కాబట్టి తరువాత చిక్కు రాదు. ఎంటర్ నొక్కే ముందు డిస్కు సంఖ్యను మరొకసారి చూసుకోండి. ఈ ఆదేశం మిమ్మల్ని ఏమీ అడగదు.

క్లోన్ చేయడానికి నేను క్లోనెజిల్లా వాడతాను. అది ఉచితం, పెన్ డ్రైవ్ నుంచి లేస్తుంది. తెర పాత కాలపుది, భయపడనక్కరలేదు. డివైస్-డివైస్, ఎక్స్‌పర్ట్ మోడ్, డిస్క్ టు లోకల్ డిస్క్ ఎంచుకోండి. తరువాతి తెరలో గమ్యపు డిస్కు పరిమాణాన్ని తనిఖీ చేయవద్దన్న అంశానికి టిక్ పెట్టండి. దాని పేరు ఐసీడీఎస్. పార్టిషన్ పట్టిక దగ్గర మూల డిస్కుదే వాడమన్న ఎంపిక ముందే ఉంటుంది, దానిని మార్చవద్దు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫైళ్ల మీద కూర్చుంటుంది. మీ అదృష్టం, ఒకటి 500, మరొకటి 480 కనుక పోల్చుకోవడం తేలిక.

పని పూర్తయ్యాక పాత డిస్కు కేబుల్ తీసివేసిన తరువాతనే మొదటిసారి ఎస్‌ఎస్‌డీతో లేపండి. క్లోన్‌లో డిస్క్ సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు సంఖ్య) కూడా ఒకటే ఉంటుంది. రెండూ కలిసి కనిపిస్తే విండోస్ ఒకదానిని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, దానిని మీరు ఆన్‌లైన్ చేస్తే దానికి కొత్త సిగ్నేచర్ రాసి బూట్ దారిని చెడగొడుతుంది. ఒకవేళ అప్పటికీ లేవకపోతే విండోస్ 10 పెన్ డ్రైవ్‌తో రిపేర్ యువర్ కంప్యూటర్ దారిలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బూట్‌రెక్‌కు ఫిక్స్‌ఎంబీఆర్ స్విచ్ ఇచ్చి నడపండి. అది కోడ్‌ను మాత్రమే తిరిగి రాస్తుంది, పార్టిషన్ల పట్టికను ముట్టుకోదు.

ప్రొద్దుటూరు తమ్ముడు:

సార్, మా ల్యాప్‌టాప్‌లో కూడా త్వరలో ఎన్‌వీఎంఈ డ్రైవు (సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) మార్చాలనుకుంటున్నాము. దానికీ ఇదే పద్ధతి వర్తిస్తుందా?

గడియార స్తంభం (అనంతపురం):

వర్తించదు తమ్ముడూ. కొత్త ల్యాప్‌టాప్‌లన్నీ యూఈఎఫ్ఐ, జీపీటీలే. అక్కడ చూడవలసినవి వేరు. ఎం.2 స్లాట్ (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పని చేస్తుందని అనుకోవద్దు. కొన్ని పాత మోడళ్లలో అది సాటా ఎం.2ను మాత్రమే తీసుకుంటుంది. పదకొండో తరం ఇంటెల్ నుంచి చాలా వాటిలో వీఎండీ అన్న డిస్కుల నిర్వహణ ఏర్పాటు ఆన్‌లో ఉంటుంది కనుక, కొత్తగా విండోస్ వేసేటప్పుడు డ్రైవర్ ఇవ్వకపోతే డిస్కే కనిపించదు. అన్నిటికంటే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉందో లేదో చూసుకుని, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకున్న తరువాతనే స్క్రూడ్రైవర్ పట్టుకో. మిగిలిన వివరాలకు మోడల్ పేరుతో వేరే ప్రశ్న పెడితే మంచిది.

ఏడురోడ్లు డీటీపీ (కడప):

బురుజు నీడ సార్‌కు, గడియార స్తంభం గారికి నమస్కారాలు. చెప్పిన వరుసలోనే చేశాను. పాత డిస్కు ఆరోగ్యం బాగుందని చూపింది. సెల్ మార్చాను, బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే దానిని అలాగే ఉంచాను. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి ఆన్ చేయగానే విండోస్ లేచింది. బూట్‌రెక్ అవసరం రాలేదు. పేజ్‌మేకర్‌లో పాత శుభలేఖలు తెలుగులోనే తెరుచుకున్నాయి. డీ అక్షరం మారనందువల్ల ఫైళ్లలో లింక్ చేసిన ఫొటోలు కూడా దారి తప్పలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివర సుమారు 7 జీబీ నల్లని గీతతో అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తోంది, దానిని ఏం చేయాలి? ఐడీఈని ఏహెచ్‌సీఐకి మార్చుకుంటే ఇంకా వేగం వస్తుందా?

బురుజు నీడ (కర్నూలు):

శుభం. ఆ 7 జీబీ డీ పక్కనే ఉంది కనుక ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో దానిలో కలుపుకోవచ్చు. నేనైతే అలాగే వదిలేస్తాను. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్‌కు సర్దుకోవడానికి కాస్త ఖాళీ ఉండడం మంచిదే.

ఏహెచ్‌సీఐలో వేగం కొంత పెరుగుతుంది కానీ, బయోస్‌లో నేరుగా మార్చితే నేను పైన రాసిన నీలి తెర వస్తుంది. ముందుగా ఎంఎస్‌కాన్‌ఫిగ్‌లో బూట్ అన్న ట్యాబ్ కింద సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకుని, రీస్టార్ట్ అవుతున్నప్పుడే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనివ్వండి. విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను తనే తగిలించుకుంటుంది. ఆ తరువాత సేఫ్ బూట్ టిక్ తీసివేసి మళ్లీ రీస్టార్ట్ చేయాలి. ఇది ముహూర్తాల పని ఒత్తిడి తగ్గాక చేసుకోండి, ఇప్పుడు తొందర లేదు. అప్పటివరకు పాత డిస్కును ఫార్మాట్ చేయకుండా, దాని మీద తేదీ రాసి పక్కన పెట్టండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు (భద్రతా లోపాలు సరిచేస్తూ ఉండడం) 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11లో 32 బిట్ లేనే లేదు. మీ దగ్గర మరొక సిస్టమ్ ఉంటే వాట్సాప్, మెయిల్, బ్యాంకు పనులు దాని మీద చేసుకుని, ఈ పేజ్‌మేకర్ సిస్టమ్‌కు ఇంటర్నెట్ కేబుల్ తీసివేయండి. ఖాతాదారులు పంపిన ఫొటోలను ఆ రెండవ సిస్టమ్‌లో స్కాన్ చేసిన తరువాతనే పెన్ డ్రైవ్‌లో ఇటు తెచ్చుకోండి.